కిన్నెరకు సరిపోయే పాత కంప్యూటరు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో కావాలి. ఆ లెక్కన 2017కు ముందు కొన్న యంత్రాల్లో చాలావాటికి ఆ తేదీతో కాలం చెల్లినట్టే. అయితే కొల్లాపూర్ లాంటి ఊళ్లో కంప్యూటరు అంత తొందరగా పాతసామానోని బండి ఎక్కదు. జిరాక్సు సెంటర్లో, ఫొటో స్టూడియోలో, బడి ల్యాబులో, హైదరాబాదులో కొలువు చేసే కొడుకు కొత్తది కొనుక్కుని ఇంటికి పంపిన ల్యాప్‌టాప్‌లో అది ఇంకా బతికే ఉంటుంది. దానికి చెప్పగల పనుల్లో శబ్దం పని ఒకటి: పాట రికార్డు చేయడం, కోయడం, అతకడం, దాచడం. పాత పెట్టెలో తేలికపాటి లినక్స్ వేస్తే ఇల్లే స్టూడియో అయిపోతుందని కొందరంటారు. లినక్స్‌లో సౌండు పని పెట్టుకుంటే జుట్టు పీక్కోవాల్సిందేనని మరికొందరంటారు. రెండు మాటలూ కొన్ని పనుల విషయంలో నిజమే. ఏ పనికి ఏది నిజమో ఎవరూ విడదీసి చెప్పకపోవడం వల్లనే ఇంత గందరగోళం.

ముందు ఇక్కడ రికార్డు చేయాల్సిందేమిటో చూడాలి. కొల్లాపూర్ ఒకనాటి జటప్రోలు సంస్థానపు సురభి రాజులు ఏలిన ఊరు. నిన్నమొన్నటి దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. ఒకదిక్కు సోమశిల దగ్గర కృష్ణ, ఒకదిక్కు నల్లమల. మామిడికి పేరున్న ఈ నేల పాటకూ అంతే పేరున్నది. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. ‘వల్లంకి తాళం’కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన గోరటి వెంకన్నది తెలకపల్లి మండలం గౌరారం. వీళ్ల గొంతులు మైకుల దాకా చేరాయి. చేరనివి ఎన్నో ఉన్నాయి: నాటు వేస్తూ పాడే పాటలు, బతుకమ్మ పాటలు, చెంచు పెంటల్లో (గూడేల్లో) పాటలు, భజన మండళ్లు, బాగోతాలు. వీటిలో ఎక్కువభాగానికి ఒకటి రెండు గొంతులు, ఒక వాద్యం. ఒక్కసారి పాడతారు, మళ్లీ అలాగే పాడమంటే పాడరు.

ఇలాంటి పాటను పట్టుకోవడానికి కంప్యూటరు ఎంత కష్టపడాలి? సెకనుకు 48,000 శాంపిళ్లు, ఒక్కో శాంపిలుకు 24 బిట్లు, ఒకే మైకు అనుకుంటే సెకనుకు 1,44,000 బైట్లు. గంట పాట 518 మెగాబైట్లు. బాగోతానికి ఎనిమిది మైకులు ఒకేసారి పెట్టినా సెకనుకు సుమారు 1.15 మెగాబైట్లే. పదిహేనేళ్ల కిందటి హార్డ్‌డిస్కు కూడా దీనికి ఎన్నో రెట్ల వేగంతో రాస్తుంది. ఇవాళ అందరూ వాడే ఆడాసిటీని 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోని, రోజర్ డాన్నెన్‌బర్గ్ మొదలుపెట్టారు. మరుసటేడు బయటికి వచ్చింది. అప్పటి యంత్రాల ముందు 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో భీముడు. కాబట్టి రికార్డింగే పని అయితే పాత కంప్యూటరుకు బలం చాలదన్న మాట నిలవదు. దాన్ని కుంగదీసేవి వేరే: బ్రౌజరు, బరువైన ప్లగిన్లు, వందల మెగాబైట్ల శాంపిళ్లతో మోగే కృత్రిమ వాద్యాలు.

తేలికతనం మీద ఉన్న భ్రమ కూడా ఇక్కడే తేలిపోతుంది. యాంటిఎక్స్, పప్పీ, ఎమ్ఎక్స్, లుబుంటు, ఉత్త డెబియన్ మీద ఎల్ఎక్స్‌క్యూటీ — వీటిలో ఏది తేలిక అన్న పోటీ ఎన్నటికీ తెగదు. డెస్క్‌టాప్ మార్చితే మిగిలేది కొన్ని వందల మెగాబైట్ల ర్యామ్. ఒక జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి అది ప్రాణం పోసినట్టే. నాలుగు జీబీ ఉన్నదానికి ఆ తేడా ఒక్క ఫైర్‌ఫాక్స్ కిటికీ తెరిస్తే ఆవిరి. ఐస్‌డబ్ల్యూఎం లాంటి తేలిక డెస్క్‌టాప్ పెట్టి ఎనభై మెగాబైట్లు ఆదా చేశానని మురిసి, వెనక యూట్యూబ్ మోగిస్తూ రికార్డు చేసేవారికి ఏ లినక్సూ సాయపడలేదు.

అసలు తెలుసుకోవాల్సిన సంగతి 32 బిట్ల తలుపు మూసుకుపోతుండటం. ఉబుంటు ఈ తలుపు చాలా ముందే వేసేసింది. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల పీసీకి ఇన్‌స్టాలరూ లేదు, కెర్నెలూ లేదు. డెబియన్ మీద ఆధారపడ్డ పంపిణీల్లో చాలావాటికి ఇక అదే దారి. నిజంగా 32 బిట్ల ప్రాసెసరే ఉంటే డెబియన్ 12, లేదా దాని మీద కట్టిన యాంటిఎక్స్ 23 లాంటివాటి దగ్గర ఆగిపోవాలి. ఆగినా ఫరవాలేదు, నెట్ కలపకుండా రికార్డింగుకే వాడే పెట్టెకు కొత్త భద్రతా సవరణలు రాకపోతే వచ్చే ముప్పు తక్కువ. ఇంకొకటి, మన దగ్గర 32 బిట్ల కంప్యూటరు అని పేరుపడ్డవాటిలో చాలా వాటి ప్రాసెసరు 64 బిట్లదే. అమ్మినవాడు 32 బిట్ల విండోస్ 7 వేసి ఇచ్చాడు, అంతే. టర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే మొదటి రెండు వరసల్లో గుట్టు బయటపడుతుంది.

పప్పీ గురించి ఒక హెచ్చరిక. బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన ఈ లినక్స్ మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది. హార్డ్‌డిస్కు చప్పుడు కూడా ఉండదు, రికార్డింగుకు ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ పెన్‌డ్రైవ్ నుంచి నడిపేటప్పుడు హోమ్ ఫోల్డరులో పెట్టిన పాట ర్యామ్‌లోనే ఉండిపోవచ్చు. కరెంటు పోతే పాట కూడా పోతుంది. ముందే డిస్కు పార్టిషన్‌ను తెరిచి, నేరుగా అందులోకే రికార్డు చేయాలి.

ఇక లినక్స్ శబ్దపు పొరల గొడవ. అడుగున ఉన్నది ఆల్సా; 2003 చివర వచ్చిన 2.6 కెర్నెల్ నుంచి సౌండుకార్డుతో మాట్లాడేది అదే. దాని మీద అందరి శబ్దాలనూ కలిపే పల్స్ఆడియో వచ్చింది. సంగీతం పనివాళ్ల కోసం పాల్ డేవిస్ జాక్ తెచ్చాడు; ఆర్డర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు కూడా ఆయనదే. పల్స్‌కూ జాక్‌కూ పొసగక, ఒకటి నడిస్తే ఇంకొకటి మూగబోయి, జనం ఏళ్లపాటు విసిగిపోయారు. లినక్స్‌లో సౌండు పని మీద ఉన్న చెడ్డపేరంతా ఆ కాలపు సంపాదన. విమ్ టేమన్స్ రాసిన పైప్‌వైర్ ఆ తగువు తీర్చింది: పల్స్ కోసం రాసిన ప్రోగ్రామూ, జాక్ కోసం రాసిన ప్రోగ్రామూ రెండూ దాని మీద నడుస్తాయి. 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34 దాన్ని ముందుగా నెత్తికెత్తుకుంది, మిగతావి వెంట నడిచాయి. ఇప్పుడు కొత్తగా వేసుకునేవారు జాక్‌ను విడిగా ఏర్పాటు చేసుకోమనే పాత పాఠాలు చదవకపోవడమే మేలు. ఒకే గొంతు రికార్డు చేసేవారికి పైప్‌వైర్ కూడా అక్కర్లేదు. ఆడాసిటీలో హోస్టుగా ఆల్సాను, పరికరంగా మీ కార్డును నేరుగా ఎంచుకుంటే మధ్యలో ఎవరూ ఉండరు. తెర మీద బొమ్మలే వద్దనుకుంటే ఆల్సాతో వచ్చే ఏరికార్డ్ అనే చిన్న పనిముట్టు ఒక్క వరస ఆదేశంతో పాటను ఫైలులోకి దించుతుంది.

మొదటిసారి వేసినవారిలో ఎక్కువమందికి ఎదురయ్యేది మాత్రం వీటన్నిటికంటే చిన్న చిక్కు. మైకు ఉంది, సాఫ్ట్‌వేరు ఉంది, గీత కదలదు. ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్4 నొక్కి, క్యాప్చర్ దగ్గర స్పేస్ కొడితే గొంతు లేస్తుంది. పాటే వినబడకపోతే కార్డుల వరసలో హెచ్‌డీఎమ్ఐ ముందుండి, శబ్దం స్పీకర్లు లేని మానిటరుకు పోతున్నదేమో చూడాలి. సగం ఫిర్యాదులు ఇక్కడే చల్లారతాయి.

అన్నిటికంటే ఎక్కువ కాలం వృథా అయ్యేది లేటెన్సీ వేటలో. మైకులోకి వెళ్లిన శబ్దం కంప్యూటరులో తిరిగి హెడ్‌ఫోన్‌కు వచ్చేసరికి పట్టే ఆలస్యమే లేటెన్సీ. 48,000 శాంపిళ్ల వేగంలో 1024 ఫ్రేముల బఫర్లు రెండు పెడితే సుమారు 43 మిల్లీసెకన్లు. 128కి దించితే 5 చిల్లర. పాత ప్రాసెసరు 128 దగ్గర తట్టుకోలేక తడబడుతుంది. శబ్దంలో చిటచిటమని గీతలు పడతాయి. వీటినే ఎక్స్‌రన్‌లు అంటారు. అప్పుడు మనిషి రియల్‌టైమ్ కెర్నెల్ వెతుకుతాడు, ఆడియో గ్రూపులో తన పేరు చేర్చుకుంటాడు, లిమిట్స్ ఫైలులో ప్రాధాన్యం 95 అని రాస్తాడు, ప్రాసెసరు గవర్నరును పెర్ఫార్మెన్స్‌కు మారుస్తాడు, రాత్రి రెండింటిదాకా కూర్చుంటాడు. అంతా అయ్యాక చేసే పనేమిటంటే, అమ్మమ్మ పాట ఒకటి రికార్డు చేయడం. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఎదురుగా కూర్చుని పాడే మనిషి తన గొంతును గాలిలోనే వింటున్నది. కంప్యూటరు దాన్ని ఎంత ఆలస్యంగా రాసుకున్నా పాటకు నష్టం లేదు. 1024 ఏమిటి, 2048 పెట్టినా నిశ్చింతగా ఉండొచ్చు.

ఆలస్యం లెక్కలోకి వచ్చేది రెండు చోట్ల. కంప్యూటరు లోపలి వాద్యాన్ని కీబోర్డుతో వాయించేటప్పుడు ఒకటి. ముందు రికార్డు చేసిన దరువును హెడ్‌ఫోన్‌లో వింటూ, కంప్యూటరు గుండా తన గొంతునూ వింటూ పాడేటప్పుడు మరొకటి. అక్కడ కూడా భయపడాల్సినంత లేదు. శబ్దం గాలిలో ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది. మూడున్నర మీటర్ల దూరంలో కొట్టిన డప్పు దెబ్బ పాడేవారి చెవికి పది మిల్లీసెకన్ల ఆలస్యంగానే చేరుతుంది. తరతరాలుగా ఆ ఆలస్యంతోనే పాడుతున్నారు, ఎవరూ తాళం తప్పలేదు. పైగా చాలా యూఎస్‌బీ ఆడియో డబ్బాల మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటుంది. అది నొక్కితే గొంతు కంప్యూటరు దాకా పోకుండానే చెవికి తిరిగి వస్తుంది. రియల్‌టైమ్ సవరణలు ఇరవై ఏళ్ల ఎదురుచూపు తర్వాత 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నెల్‌తో అసలు లినక్స్‌లోకే చేరాయి. అదొక గొప్ప ఇంజనీరింగు విజయం. కొల్లాపూర్‌లో కిన్నెర రికార్డు చేసేవారికి దాని అవసరం మాత్రం దాదాపు లేదు. బూటు వరసలో థ్రెడ్ఐఆర్‌క్యూఎస్ అని చేర్చి, వైఫై ఆపి, మామూలు కెర్నెల్‌తో సాగిపోవచ్చు.

మరి పాత యంత్రం అసలు లోపం ఎక్కడ? మైకు రంధ్రంలో. మదర్‌బోర్డు మీది ఆ గులాబీరంగు రంధ్రం మాట కోసం వాడే హెడ్‌సెట్ల కోసం పుట్టింది. కిన్నెర పెద్దగా మోగే వాద్యం కాదు. సొరకాయ బుర్రల నుంచి వచ్చే ఆ నాదం పట్టాలంటే గెయిన్ పెంచాలి. ఆల్సామిక్సర్‌లో మైక్ బూస్ట్ పెంచారంటే కిన్నెర కంటే ముందు హిస్సుమనే రొద లేస్తుంది. ఆ తర్వాత ఎంత శుభ్రం చేసినా రొదతో పాటు తీగ చివరి ఝుంకారం కూడా పోతుంది. ర్యామ్, ఎస్ఎస్‌డీ కొనాలనుకునే డబ్బులో ముందు వాటా యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు దక్కాలి. క్లాస్ కంప్లయంట్ అని రాసి ఉన్నదైతే లినక్స్‌కు డ్రైవరు అక్కర్లేదు, పెట్టగానే గుర్తిస్తుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ వరస పరికరాలకైతే లోపలి మీటలు తిప్పే డ్రైవరును జెఫ్రీ బెనెట్ రాసి కెర్నెల్‌లోకే చేర్చాడు. పాత యూఎస్‌బీ 2.0 వీటికి సరిపోతుంది. 24 బిట్లలో రికార్డు చేస్తే గీతను నెత్తిమీదికి తెచ్చే పని లేదు. గట్టి చోట్ల మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకుంటే చాలు. డప్పు మొదటి దెబ్బకు పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు.

రెండో శత్రువు గుయ్యిమనే హమ్. 50 హెర్ట్జ్ కరెంటు, సరిగా లేని ఎర్తింగు కలిసి పాట కింద సన్నని తుమ్మెదను పెడతాయి. ల్యాప్‌టాప్ అయితే చార్జరు పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే చాలాసార్లు అది మాయమవుతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పది నిమిషాలే వస్తుందంటారా, పాట ఐదు నిమిషాలే కదా. డెస్క్‌టాప్‌కైతే ఎర్తింగు బాగుచేయించుకోక తప్పదు.

మూడోది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 42 డిగ్రీలు మామూలు. హీట్‌సింక్ మీది పేస్టు ఎండి, ఫ్యానులో దుమ్ము కట్టిన ప్రాసెసరు వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. జనవరిలో బాగా నడిచిన సెటప్ మేలో చిటచిటలాడితే లినక్స్‌ను తిట్టకుండా ముందు మూత విప్పి ఊదాలి. దాని ఫ్యాను మోత మైకులో పడకుండా కంప్యూటరును పక్క గదిలో పెట్టి, పొడుగు మైకు కేబులు లాగడం ఉత్తమం. సీలింగు ఫ్యాను ఎలాగూ ఆపాలి; పాడేవాళ్లు చెమటతో సతమతం కాకుండా తెల్లవారుజామున పెట్టుకోవడం ఇక్కడివారికి తెలియని ఉపాయమేమీ కాదు.

ఫోనుతోనే పట్టొచ్చు కదా అనే ప్రశ్నను దాటేయలేం. నిజాయితీగా చెప్పాలంటే, ఇవాళ్టి మామూలు ఆండ్రాయిడ్ ఫోను చాలా పాత కంప్యూటర్ల మైకు రంధ్రం కంటే బాగా వింటుంది. అయితే అది మాట కోసం తయారైన చెవి. రొద తగ్గించడం, గొంతు పెంచి తగ్గించడం తనంతట తానే చేస్తుంది. కిన్నెర నాదం అణిగే చోట దాన్ని రొద అనుకుని నొక్కేస్తుంది. ఆ సవరణలు ఆపి, కుదించకుండా డబ్ల్యూఏవీగా రాసే ఆప్ వాడితే ఫోను చెవి, పాత కంప్యూటరు చేతులు కలిసి మంచి జోడీ. చెంచు పెంటకు డెస్క్‌టాప్ మోసుకుపోలేం కూడా. నా లెక్కలో, ఇంటర్‌ఫేస్ కొనే స్తోమత లేనివారికి ఇదే మొదటి దారి. లినక్స్ పెట్టెను కోయడానికీ దాచడానికీ ఉంచుకోవాలి.

దాచడంలోనే తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కులు వస్తాయి. తేలికపాటి లినక్స్‌లలో కొన్ని తెలుగు ఫాంటే లేకుండా వస్తాయి. ఫైలు పేర్లు డబ్బాలుగా కనబడతాయి. డెబియన్ భాండాగారంలో ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ వేసుకుంటే తీరిపోతుంది. ఎవరూ చెప్పని చిక్కు ఇంకోటుంది. లినక్స్ ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు. ఒక్క ‘క్క’ రాస్తే తొమ్మిది బైట్లు ఖర్చు. పాట మొదటి పాదం, పాడినవారి పేరు, ఊరు, మండలం, తేదీ అన్నీ పేరులోనే ఇరికిస్తే 85 సంకేతాల దగ్గర కంప్యూటరు ఇక చాలంటుంది. పేరులో చిన్న నంబరు, తేదీ ఉంచి, మిగతా వివరాలు పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో తెలుగులో హాయిగా రాసుకోవాలి.

ఆడాసిటీ పాత కూర్పుల్లో ప్రాజెక్టు ఫైలు ఒకటి, డేటా ఫోల్డరు ఒకటి ఉండేవి. పెన్‌డ్రైవ్‌లోకి ఫైలు ఒక్కటే ఎక్కించుకుని, ఫోల్డరు మరిచి, పాటంతా పోగొట్టుకున్నవారు ఊరూరా ఉంటారు. 2021లో వచ్చిన 3.0 నుంచి అంతా ఒకే ఫైలు. దానికీ ఒక మెలిక: అది నాలుగు జీబీ దాటితే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ పట్టుకోదు. రాత్రంతా సాగే బాగోతానికి ఇది ఊహ కాదు. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చుకోవాలి, లేదా గంటగంటకు కొత్త ఫైలు మొదలుపెట్టాలి.

ఇలాంటి పని చవక యంత్రాల మీద, పల్లెల్లో సాగుతుందా అని సందేహించేవారికి దాఖలాలు ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభించారు. రికార్డు చేసేదీ కోసేదీ ప్రసారం చేసేదీ ఊరి దళిత స్త్రీలే. ఢిల్లీలో మొదలైన గ్రామ్ వాణి సంస్థ సామాజిక రేడియోల కోసం తయారుచేసిన గ్రిన్స్ అనే వ్యవస్థ ఉబుంటు మీదే నడిచింది. కేరళ బడుల్లో వాడే కైట్ లినక్స్‌లో ఆడాసిటీ ముందే ఉంటుంది. పిల్లలు దాన్ని పాఠంలో భాగంగానే చూస్తారు. తెలుగులో స్వేచ్ఛ బృందం 2005 నుంచి డెబియన్ ఆధారంగా తెలుగు నిర్వహణ వ్యవస్థ కోసం పనిచేస్తూ వచ్చింది. అదే డెబియన్‌లో ఫెస్టివల్ అనే వాచక యంత్రానికి తెలుగు మాడ్యూలు కూడా ఉన్నది. శబ్దం పని చేసేవారికోసం తెలుగులో ఒక చక్కని, నేటికాలపు కైపుస్తకం మాత్రం ఉండాల్సినంతగా లేదు. దొరికే వీడియోల్లో చాలావరకు పల్స్, జాక్ కొట్లాట కాలం నాటివి.

సాఫ్ట్‌వేర్ల ఎంపిక మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు. గొంతు, వాద్యం కోయడానికి ఆడాసిటీ. నాలుగైదు మైకులు విడివిడిగా కలపాలంటే ఆర్డర్. దాని తయారీదారుల దగ్గర సిద్ధరూపానికి డబ్బు కట్టాలి గానీ డెబియన్ భాండాగారంలో ఉచితంగానే దొరుకుతుంది, ఒకటి రెండు కూర్పులు వెనకబడి ఉంటుంది. దానికి నాలుగు జీబీ ర్యామ్ కనీసం అనుకోవాలి. అంతకంటే తక్కువుంటే క్యూట్రాక్టర్ తేలిక. తాళం కోసం హైడ్రోజన్. ఉబుంటు స్టూడియో, ఏవీ లినక్స్ లాంటి ‘అన్నీ ఉన్న’ పంపిణీలు పాత యంత్రానికి పెట్టడం నాకు నచ్చదు. వందల ప్రోగ్రాములు తెచ్చి పడేస్తాయి, వాడేది మూడు. ఉత్త డెబియన్ మీద ఆ మూడూ వేసుకుంటే డిస్కూ మిగులుతుంది, ఏది ఎందుకు నడుస్తున్నదో కూడా తెలుస్తుంది.

ఈ దారి అస్సలు పనికిరానివారు కూడా ఉన్నారు. యూట్యూబ్‌లో కోట్లమంది చూసే ఫోక్ పాటలు చేసే స్టూడియోల పని వేరు. అక్కడ క్యూబేస్, ఎఫ్ఎల్ స్టూడియో, గొంతు శ్రుతి దిద్దే ప్లగిన్లు, పదుల జీబీల శాంపిల్ లైబ్రరీలు కావాలి. విండోస్ ప్లగిన్లను లినక్స్‌లో నడిపించే యాబ్రిడ్జ్ లాంటి వంతెనలు ఉన్నాయి, బలమైన యంత్రంలో బాగానే నడుస్తాయి. రెండు జీబీల కోర్ 2 డ్యుయో మీద వాటిని ఎక్కించడం ఎద్దుకూ మనిషికీ శిక్షే. రీపర్‌కు లినక్స్ కూర్పు ఉన్నది, 60 డాలర్ల రాయితీ లైసెన్సు, పాత యంత్రాల మీద చురుగ్గానే కదులుతుంది. కానీ అలవాటైన ప్లగిన్లు వెంట రావు. అలాంటి స్టూడియోవారు ఉన్న విండోస్‌నే నెట్‌కు దూరంగా ఉంచి నడుపుకుంటూ, కొత్త యంత్రానికి డబ్బు కూడబెట్టుకోవడమే లాభం. పక్కన పడేసిన పాత పెట్టెను మాత్రం ఒక ఇంటర్‌ఫేస్, ఒక మైకుతో కలిపి, ఊళ్లో పాటలు సేకరించే ఏ డిగ్రీ విద్యార్థికో ఇస్తే దానికి పని దొరుకుతుంది.